యువజనులును వృక్షసంరక్షణమును



మొక్క నాటుట యొకనాటి పని. దానిని బ్రతికించుట మూడు వేసవుల పని. సభలయందు మనము నాటిన మొక్కలు పెక్కులు నీరులేక యెండిపోయినవి. కొఱవడినది మొక్కలు గావు, బాధ్యత వహించు నాయకులు.

ఖమ్మము జిల్లాలో సైకిలుపై మొక్కలును విత్తనములును గొనిపోయి నాటిన దరిపల్లి రామయ్యగారికి 2017లో పద్మశ్రీ లభించెను. 2025లో వారు పరమపదించిరి. అట్టి దీక్ష యొక్కరితో నంతరింపరాదు.

కావున మృగశిరకు ముందే గుంటలు త్రవ్వించుట, ముండ్లకంచె కట్టించుట, వేసవిలో వంతులవారిగా పాదులకు నీరు పోయించుట మన యువతీయువకులకు నేర్పవలెను. ఊరుమ్మడి స్థలములందే నాటింతము. నీడకు కులభేదము లేదు.

దాతలారా! మొక్కల వెలతోపాటు మూడు వేసవుల నీటివ్యయమును భరింపుడు. రాబోవు మహాసభలో నాటిన మొక్కల లెక్క గాక, బ్రతికిన మొక్కల లెక్కను యువజనులచే చదివింతము.