ఆలోచనతో రోబో నడుస్తుందా?

తలకి టోపీ పెట్టుకుని, చెయ్యి కదపకుండా రోబోని నడిపే వీడియోలు మీకూ కనిపించే ఉంటాయి. కింద 'మైండ్ రీడింగ్' అని క్యాప్షన్. కాదండీ బాబూ, అది మైండ్ రీడింగ్ కాదు.

ఆ టోపీలో ఎలక్ట్రోడ్లు ఉంటాయి. కల్యాణ మండపం బయట రోడ్డు మీద నిలబడితే గట్టిమేళం వినిపిస్తుంది, తాళి కడుతున్నారని తెలుస్తుంది. లోపల ఎవరు ఎవరితో ఏమన్నారో మాత్రం తెలీదు. ఈఈజీ కూడా అంతే. మైక్రోవోల్టుల్లో ఉండే సిగ్నల్, కన్ను ఆర్పితే చెదిరిపోతుంది. చెయ్యి కదుపుతున్నట్టు ఊహించుకుంటే మెదడులో ఒక రిథమ్ తగ్గుతుంది, సాఫ్ట్‌వేర్ ఆ తేడాని పట్టుకుంటుంది. అంటే మనకి దొరికేవి రెండో మూడో బటన్లు. అవి కూడా అప్పుడప్పుడు తప్పుగా నొక్కుకుంటాయి!

మరి దీంతో రోబో ఎలా నడుస్తుంది? 2004లో స్విట్జర్లాండ్‌లో హోసె మిల్యాన్ టీమ్ పేపర్ ఒకటి వచ్చింది. ఇద్దరు మనుషులు ఖెపెరా అనే బుల్లి రోబోని ఇంటి నమూనాలో గది నుంచి గదికి తిప్పారు. వాళ్ల ఆలోచన ఇచ్చిన ఆర్డర్లు 'వీలున్న చోట కుడికి తిరుగు' లాంటివి మాత్రమే. గోడలు, దారులు రోబో సెన్సార్లే చూసుకున్నాయి. ఆటో ఎక్కి 'అన్నా, లెఫ్ట్' అంటాం చూడండి, హ్యాండిల్ మనం పట్టుకోం కదా.

దీన్ని షేర్డ్ కంట్రోల్ అంటారు. కోడ్ రాసేవాడిగా నాకు భలే నచ్చింది. కానీ ఇదే వీల్‌చైర్‌లో పెడితే? సెన్సార్‌కి గోడా అడ్డమే, మాట్లాడదామని దగ్గరికి వెళ్తే ఎదురుగా కూర్చున్న అమ్మా అడ్డమే. ఎంత దగ్గరికి వెళ్లాలో కుర్చీలో ఉన్న మనిషి చెప్పాలా, కోడ్ చెప్పాలా? నా ఓటు మనిషికే. చిన్నగా తగిలినా పర్లేదు.

2022లో మిల్యాన్ టీమే, ఈసారి టెక్సస్ యూనివర్సిటీ నుంచి, కాళ్లూ చేతులూ పడిపోయిన ముగ్గురితో ఇలాంటి వీల్‌చైర్ పేపర్ వేసింది. రెండు చేతులూ కదుపుతున్నట్టు అనుకుంటే ఒక వైపు, రెండు కాళ్లూ అనుకుంటే ఇంకో వైపు తిరుగుతుంది. నెలల తరబడి ట్రైనింగ్. ఇద్దరికి మెదడు సిగ్నల్సే మెల్లగా క్లియర్ అయ్యాయి, అడ్డాలున్న గదిలో కుర్చీ నడిపారు. మూడో మనిషికి అంత పట్టు రాలేదు. అందుకే ఎవరైనా 'టోపీ పెట్టుకుంటే చాలు, రేపటి నుంచి నడిపేయొచ్చు' అని అమ్మడానికొస్తే, ముందు ఆ మూడో మనిషి గురించి అడగండి.

ఇంప్లాంట్ల సంగతి పెద్దది, అది వచ్చే ఎపిసోడ్‌లో. ఉంటా.