కార్డులో ఏమున్నా, పరీక్ష ఒంటికే
ఆరోగ్యశ్రీ – ట్రాన్స్‌జెండర్ లబ్ధిదారుల అవగాహన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం

ఈ రోజు క్యాన్సర్ గురించి మాట్లాడుకుందాం. ఆ పేరు వింటేనే ఎవరికైనా భయం. మనవాళ్లకు దాంతోపాటు ఇంకో భయం ఉంటుంది. డాక్టర్ ముందు బట్టలు తీయాలి కదా, ఏమంటారో, నవ్వుతారేమో అని. ఆ సిగ్గుతో గడ్డ చేతికి తగిలినా నెలల తరబడి దాచుకుంటాం. మన సిగ్గు కోసం జబ్బు ఆగదు. మొదట్లో పట్టుకుంటే నయం చేయగలిగిన క్యాన్సర్లు కూడా ఆలస్యమైతే చేయి దాటిపోతాయి.

ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. మనం ఆడా మగా అని క్యాన్సర్ చూడదు. ఒంట్లో ఏ భాగం ఉంటే ఆ భాగానికి పరీక్ష కావాలి.

ఎవరు ఏం చూసుకోవాలి?

నిర్వాణం అయిన అక్కలూ, ఆ ఆపరేషన్‌లో ప్రొస్టేట్ గ్రంథి తీయరు. అది లోపల అలాగే ఉంటుంది. మూత్రం ధార సన్నబడినా, రక్తం పడినా డాక్టర్‌కు చూపించుకోండి. పిఎస్‌ఏ అనే రక్తపరీక్ష రాయవచ్చు. హార్మోన్లు వాడేవారికి, వృషణాలు తీయించుకున్నవారికి అందులో అంకె తక్కువ వస్తుంది. మీ సంగతి డాక్టర్‌కు తెలియకపోతే 'నార్మల్' అని పంపేసే ప్రమాదం ఉంది. హార్మోన్లతో రొమ్ములు పెరిగినవారు గడ్డలు ఉన్నాయేమో కూడా చూసుకోవాలి.

ట్రాన్స్ మెన్ తమ్ముళ్లూ, గర్భసంచి తీయించుకోకపోతే గర్భాశయ ముఖద్వారం పరీక్ష మీకూ కావాలి. ఛాతీ ఆపరేషన్ అయినా కొంత రొమ్ము కణజాలం మిగిలే ఉంటుంది. 30 ఏళ్లు దాటినవారికి నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వారం పరీక్షలు ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితం. కార్డులో 'పురుషుడు' అని ఉంటే ఆశా మిమ్మల్ని పిలవకపోవచ్చు. మీరే వెళ్లి అడగండి.

గుట్కా, ఖైనీ వేసుకునేవారు నోట్లో తెల్లమచ్చ వచ్చినా, మూడు వారాలైనా పుండు మానకపోయినా వెంటనే చూపించుకోవాలి. హెచ్‌ఐవీ ఉన్నవారికి గర్భాశయ ముఖద్వారం, మలద్వారం క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. ఏఆర్‌టీ మందులు మానొద్దు.

డాక్టర్‌తో ఎలా చెప్పాలి?

ఇంతే చెప్పండి: "డాక్టర్ గారూ, నేను ట్రాన్స్ మహిళని. ఫలానా ఆపరేషన్ అయింది. ఈ మాత్రలు వాడుతున్నా. నన్ను ఈ పేరుతో పిలవండి." మెడికల్ షాపులో సొంతంగా కొనుక్కున్న హార్మోన్ల స్ట్రిప్ అయినా సరే, తీసుకెళ్లి చూపించండి. దాచొద్దు.

వైద్యం నిరాకరించడం, చిన్నచూపు చూడడం 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టం ప్రకారం నిషేధం. ఆస్పత్రుల్లో ప్రత్యేక వార్డులు ఉండాలని 2020 నిబంధనలు చెబుతున్నాయి. మగ వార్డులో ఉండలేకపోతే సూపరింటెండెంట్‌కు కాగితం రాసి ఇవ్వండి. 18 నిండి స్పృహలో ఉన్న రోగి ఆపరేషన్‌కు తన సంతకం తానే పెట్టవచ్చు. సాయంగా గురువును గానీ స్నేహితురాలిని గానీ తెచ్చుకోండి.

ఖర్చు సంగతి

తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబర్‌లో కుటుంబానికి ఏడాదికి 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ ఇందులోకి వస్తాయి. హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే ప్రభుత్వ క్యాన్సర్ ఆస్పత్రే. ఏ నెట్‌వర్క్ ఆస్పత్రికి వెళ్లినా ముందు ఆరోగ్యమిత్రను కలవండి.

మనకు చిక్కు వచ్చేది పేరు దగ్గర. రేషన్ కార్డులో పాత పేరు, ఆధార్‌లో కొత్త పేరు, బయాప్సీ రిపోర్టులో ఇంకో పేరు ఉంటే అనుమతి ఆలస్యం కావచ్చు. ఇల్లు వదిలి వచ్చినవారి పేరు అమ్మానాన్నల కార్డులో ఇంకా ఉందో, తీసేశారో కూడా తెలియదు. అందుకని జబ్బు రాకముందే ఈ పనులు చేసుకోండి:

• కలెక్టర్ ఇచ్చే ట్రాన్స్‌జెండర్ గుర్తింపు సర్టిఫికెట్‌కు దరఖాస్తు పెట్టండి.
• దాంతో ఆధార్‌లో పేరు సరిచేయించుకోండి.
• రేషన్ కార్డు సంగతి మీసేవలో కనుక్కోండి.
• ఆస్పత్రిలో మొదటి ఓపీ చీటీ నుంచి ఒకే పేరు రాయించుకోండి.

సందేహం ఉంటే 104కు ఫోన్ చేయండి. ఈ పీడీఎఫ్‌ను మీ జమాత్‌లో అందరికీ పంపండి. చదవడం రానివారికి చదివి వినిపించండి. ఒంట్లో గడ్డో పుండో పెట్టుకుని ఎవరికీ చెప్పని అక్క మీ పక్కనే ఉండొచ్చు. ఆమెను ఒంటరిగా పంపకండి, తోడుగా వెళ్లండి.