కనికట్టు: కంటికా, మనసుకా?

ఇంద్రజాలమునకు మన తెలుగువారు 'కనికట్టు' అని ఒక చక్కని పేరు పెట్టినారు. కన్నును కట్టివేయునది గనుక కనికట్టు. జాతరలో మోళీవాడు చేసినను, దీపముల వెలుగున రంగస్థలముపై పేరుమోసిన ఐంద్రజాలికుడు చేసినను, అది మన కంటికి వేసిన కట్టేయని అందరి తలంపు. ఈ తలంపు ఎంతవరకు నిజమో తెలిసికొనవలెనని ఒక చిన్న సంఘటన మాకు కుతూహలము కలిగించినది.

కొన్నేండ్ల క్రిందట ఒక సాయంకాలము పేకముక్కల గారడి తెలిసిన మిత్రులొకరు మా ఇంటికి వచ్చిరి. మేము వారికి ఎదురుగా కూర్చుంటిమి. మా ఇల్లాలు ప్రక్కనున్న కుర్చీలో కూర్చుండెను. మేము తీసిన ముక్క ఇస్పేటు రాణి. దానిని కట్ట నడుమ మేమే దూర్చితిమి. మిత్రులు కట్టను చేతబట్టుకొని, "అన్నట్టు, మీ చిన్నవాడు ఇప్పుడు ఏ తరగతి?" అని అడిగిరి. మేము బదులు చెప్పితిమి. మరి కొంతసేపటికి ఆ రాణి వారి చొక్కా జేబునుండి వెలువడినది! "మేము రెప్పవేయక చూచుచునే ఉన్నాము. మీ చేయి కట్టను విడువనే లేదు" అని మేము ప్రమాణపూర్వకముగా పలికితిమి. మా ఇల్లాలు నవ్వి, "మీరు అబ్బాయి చదువు సంగతి చెబుతూంటే ఆయన అరచేతిలో ముక్క దాచుకుని జేబులో వేసుకున్నారు కదండీ!" అనెను. ప్రక్కనున్న ఆమె చూచినది. ఎదుటనున్న మేము చూడలేదు. మా కన్నులు మాత్రము తెరచియే ఉన్నవి.

ఎవరైన మనలను ప్రశ్నించినపుడు వారి ముఖము చూచి సమాధానము చెప్పుట మర్యాద. ఆ మర్యాదయే మిత్రులకు తెర అయినది. మా ఇల్లాలిని ఎవరును ప్రశ్నింపలేదు గనుక ఆమెకు ఆ తెర అడ్డు రాలేదు.

1902లో అమెరికాలోని షికాగో నగరమున 'ది ఎక్స్‌పర్ట్ ఎట్ ది కార్డ్ టేబుల్' అను గ్రంథము వెలువడినది. రచయిత పేరు ఎస్. డబ్ల్యు. ఎర్డ్‌నేస్ అని అచ్చయినది. ఆ పేరు వెనుకనున్న మనుష్యుడెవరో నేటికిని తేలలేదు. పేకాటలో మోసగాండ్రు వాడు పద్ధతులు, వినోదమునకై గారడీవారు వాడు పద్ధతులు రెండును అందులో బొమ్మలతో వివరింపబడినవి. కట్ట నడుమనున్న ముక్కను ఎవరును ఎరుగకుండ పైకి తెచ్చుట, పైముక్కను అరచేత దాచుట మొదలైన విద్యలకు వ్రేళ్లు ఏండ్ల తరబడి అలవాటుపడవలెను. కాని వ్రేళ్ల నేర్పు సగము మాత్రమే. చేయుట ఎట్లో తెలిసినవాడు, చేయుట ఎప్పుడో కూడ తెలిసికొనవలెను.

ఆ సమయమును ఐంద్రజాలికుడు పలు విధములుగ కల్పించుకొనును. తాను ఎచ్చట చూచిన ప్రేక్షకులును అచ్చటనే చూతురు గనుక, రహస్యము చేయు చేతివైపు తాను చూడడు. పెద్ద కదలిక చాటున చిన్న కదలికను దాచును. చేయి జేబులోనికి పోవలసివచ్చినచో దానికొక నెపము కల్పించును. సుద్దముక్క తీయుటకు పోయిన చేతిని ఎవరు శంకింతురు? అన్నిటికంటె ముఖ్యమైనది సడలింపు. ఒక వింత ముగిసినదని నవ్వి, చప్పట్లు కొట్టి, కుర్చీలో వెనుకకు జారగిలబడిన ప్రేక్షకుని మనస్సు ఆ క్షణమున సెలవు తీసికొనును. రెండవ వింతకు కావలసిన పని సరిగా అప్పుడే జరిగిపోవును.

ఈ కళలో ఆరితేరినవాడు 1900లో ఇటలీలో జన్మించి, అమెరికాలో కీర్తి గడించి, 1991లో మరణించిన టోనీ స్లైడినీ. ఆయన ప్రేక్షకులలో ఒకరిని కుర్చీలో కూర్చుండబెట్టి, ఎదుట నిలిచి, కాగితపు ఉండలను ఒకదాని తరువాత ఒకటిగా మాయము చేసెడివాడు. చేసినదెల్ల వానిని ఆ మనిషి తలమీదుగా వెనుకకు విసరివేయుటయే! సభలోనివారందరు అది చూచి పగలబడి నవ్వెడివారు. కుర్చీలోని మనిషి మాత్రము ఉండ ఏమైనదో తెలియక, అందరు ఏల నవ్వుచున్నారో తెలియక తెల్లబోయెడివాడు.

పండితులు కూడ ఈ విద్యను పరిశీలించిరి. ఫ్రెంచి మనశ్శాస్త్రజ్ఞుడు ఆల్ఫ్రెడ్ బినే 1894లోనే గారడీవారి మనశ్శాస్త్రమును గూర్చి వ్యాసము వ్రాసినాడు. 1999లో అమెరికాలో సైమన్స్, చాబ్రిస్ అను ఇరువురు ఒక ప్రయోగఫలితమును ప్రకటించిరి. కొందరు బంతి విసరుకొనుచున్న చిత్రమును చూపి, బంతి ఎన్నిమార్లు చేతులు మారినదో లెక్కింపుమనిరి. నడుమ గొరిల్లా వేషము ధరించిన మనిషి ఒకరు ఆటగాండ్ర మధ్యనుండి నడచిపోయిరి. లెక్కలో మునిగిన వారిలో సుమారు సగముమంది ఆ గొరిల్లాను గమనింపనే లేదు! 2005లో కూన్, టాట్లర్ అనువారు గారడి చూచువారి చూపు ఎచ్చట నిలుచునో యంత్రముతో కొలిచిరి. గారడీవాడు సిగరెట్టును అందరి ఎదుటనే ఒడిలోనికి జారవిడిచెను. దానిని గమనించినవారికిని, గమనింపనివారికిని చూపు నిలిచిన తావులలో చెప్పదగిన భేదము కనబడలేదు. కన్ను ఉన్నచోటనే మనస్సు ఉండవలెనను నియమము లేదని దీనివలన స్పష్టమగుచున్నది.

వినోదమునకు వాడు ఈ విద్య వీథిలో జేబులు ఖాళీ చేయుటకును పనికివచ్చును. పలుదేశముల సంతలలో మూడు ముక్కలు బోర్లించి, రాణి ఎక్కడ అని పందెము వేయించు మోసగాండ్రు కలరు. ముక్కలు వేయువాడు తల ప్రక్కకు త్రిప్పగనే గుంపులోనివాడొకడు రాణి మూలను కొంచెము వంచి మనవైపు చూచి కన్ను గీటును. ఆ గుర్తును నమ్మి మనము పందెము కాతుము. తీరా తిప్పిచూచిన అది వేరొక ముక్క! ముక్కలు త్రిప్పునపుడే వంపు ఒకదానినుండి మరొకదానికి మారినది. కన్ను గీటినవాడు వాని మనిషియే. పరధ్యానములో ఉన్నవాడు ఆటగాడని మనము అనుకొంటిమి గాని, పరధ్యానము మనది.

పందెములో పోయిన డబ్బు మరల సంపాదించుకొనవచ్చును. వేరొక నష్టము కలదు. మా చిన్ననాట మా ఇంట వెండి ఉగ్గుగిన్నె ఒకటి కనబడకపోయెను. "నేను పొద్దుటినుంచీ ఈ గుమ్మంలోనే కూర్చుని చూస్తున్నాను. ఆ పనిపిల్ల తప్ప గదిలోకి పురుగైనా పోలేదు" అని ఇంటి పెద్దలొకరు గట్టిగా చెప్పిరి. పిల్లను మాన్పించిరి. నాలుగు దినములకు ఆ గిన్నె బంధువుల ఇంట బయటపడినది. బారసాల నిమిత్తము ఒకరు దానిని ఎరువు తీసికొని, ఆ పెద్దల ఎదుటినుండియే పట్టుకొని పోయినారట! అప్పుడు వారు గుమ్మములో ఎవరితోనో పొలము తగవు ముచ్చటించుచుండిరి. వారు బొంకలేదు. తాము చూడనిది ఒకటి ఉండగలదని వారికి తోచలేదు, అంతియే. పిల్లకు కబురంపితిరి గాని, ఆమె మరల మా గడప త్రొక్కలేదు.

ఇస్పేటు రాణి మిత్రుల జేబునుండి వెలువడిన నాడు మాకు ఆ పిల్లయే జ్ఞాపకమునకు వచ్చినది. 'కళ్లార చూచితిమి' అని మేమును ఆ పెద్దలవలెనే ప్రమాణము చేసితిమి గదా! నాటినుండి ఇంట ఏ వస్తువు కనబడకపోయినను, "చూస్తూనే ఉన్నాము" అనుటకు ముందు, ఆ సమయమున ఎవరితో ఏమి మాటాడుచుంటిమో తలచుకొనుట మాకు అలవాటైనది. మీ ఇంటికి పేకముక్కల మిత్రులెవరైన వచ్చినచో, వినోదము తనివితీర చూడుడు. ప్రక్క కుర్చీలో ఒకరిని మాత్రము కూర్చుండబెట్టుకొనుడు.