సంతకానికి ముందు చదువుదాం

(హైదరాబాదు పాతబస్తీలో మహిళా సంఘం సమావేశంలో ఒక అక్క చెప్పిన మాటలు)



మన గల్లీలోని ప్రైవేటు బడివాళ్లు పక్క ఇల్లు కొన్నారు. అక్కడ మూడు అంతస్తులు కడతామంటున్నారు. "మాకు అభ్యంతరం లేదు" అనే కాగితం మీద ఇంటింటికీ తిరిగి సంతకాలు అడుగుతున్నారు.

నల్లా కాడ రోజూ ఇదే లొల్లి. "బడి పెరగనీయండి. ఏడో తరగతి అయినాక దూరం పంపలేక నా బిడ్డను ఇంట్లో కూర్చోబెట్టిన" అంటుంది ఒకామె. అది నిజమే. "పొద్దున ఆటోలు గల్లీకి అడ్డం నిలబడతాయి. దవాఖానాకు పోదామంటే దారి లేదు. మోరీ ఇప్పుడే పొంగుతున్నది" అంటుంది ఇంకొకామె. అదీ నిజమే.

ఇద్దరూ తల్లులే. మరి ఏం చేయాలె?

నిన్న మన సంఘంలో ఒక చెల్లె ఆ కాగితం చదివింది. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుని చదివింది. పదో తరగతి మాట అందులో లేనే లేదు. "కింది అంతస్తులో దుకాణాలు" అని ఉంది! ఆ సంగతి మనకెవరూ చెప్పలేదు. అప్పటిదాకా జగడమాడిన ఇద్దరూ గమ్మున కూర్చున్నారు.

ఇంకో సంగతి వినండి. 2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో ఒక ప్రైవేటు బడికి నిప్పంటుకుంది. 94 మంది పసిపిల్లలు చనిపోయారు. 2009లో సుప్రీంకోర్టు, ప్రతి బడిలో నిప్పు నుంచి రక్షణ ఉండాలని చెప్పింది. మన గల్లీలోకి ఫైరింజన్ వస్తుందా? పోయి అడుగులతో కొలిచి చూడండి.

బడి కట్టాలంటే జీహెచ్ఎంసీ అనుమతి కావాలి. ఏ జాగాలో ఇళ్లు, ఏ జాగాలో దుకాణాలు అనేది మాస్టర్ ప్లానులో ఉంటుంది. దాన్ని మార్చాలంటే ప్రభుత్వం ముందుగా ప్రకటన వేసి, ప్రజల అభ్యంతరాలు అడగాలి. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం బడికి ఆటస్థలం, మంచినీళ్లు, ఆడపిల్లలకు వేరే మరుగుదొడ్డి ఉండాలి.

ప్లాను ఎట్లా చూడాలె? 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. జీహెచ్ఎంసీ ఆఫీసులో పది రూపాయలు కట్టి అర్జీ ఇవ్వాలి. పేదరికపు రేఖకు దిగువ ఉన్నవాళ్లకు ఆ రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి.

ప్లాను చూసి అందరం ఒక్కచోట కూర్చుందాం. బడివాళ్లనూ పిలుద్దాం. పదో తరగతి పెడతారా? ఆటోలు ఎక్కడ ఆగుతాయి? మోరీ ఎవరు బాగు చేస్తారు? నిప్పు పుడితే పిల్లలు ఏ దారిన బయటికి వస్తారు? జవాబులు కాగితం మీద రాయించుకుందాం.

బడి వద్దని నేను అనను. సంతకం పెట్టమనీ అనను. నిన్నటిదాకా చూపిన చోట వేలిముద్ర వేసినం. ఇప్పుడు మనకు చదువు వచ్చింది. ముందు చదువుదాం. తర్వాత అడుగుదాం. ఆ తర్వాతే సంతకం!