కోతలో రంపం మిషన్ చప్పుడు మారితే

దేవరకొండ చుట్టుపక్కల ముదిరిన బత్తాయి చెట్టు తీయాలన్నా, సర్కారు తుమ్మ కొట్టాలన్నా పెట్రోలు రంపం పనికొస్తుంది. ఖాళీగా బాగానే తిరిగి, మొద్దులో దిగగానే చప్పుడు ఎప్పటిలా కాక తేడాగా మారిందా? వెంటనే ఆపాలి. చల్లారాక ప్లగ్ వైరు పీకి, చైన్ బ్రేకు వదిలి, గ్లౌజు వేసుకున్న చేత్తో చైన్ లాగి చూడాలి.

కరకరమంటూ పట్టి పట్టి కదిలితే లోపం చైన్ వైపే. చైన్ వదులైందా, బార్‌కు ఆయిల్ అందుతోందా, పళ్ల చక్రం అరిగిందా చూడాలి. క్లచ్ డ్రమ్ము బాగా ఊగితే లోపలి బేరింగు అరిగినట్టే. కోతలో ఇంజిను అరుస్తున్నా చైన్ ఆగిపోతుంటే క్లచ్ జారుతుండొచ్చు.

చైన్ సాఫీగా కదిలితే ఇంజినును అనుమానించాలి. అసలు ప్రమాదం ఇక్కడే. కార్బురేటరు సరిగ్గా ఉన్న ఇంజిను ఖాళీగా పూర్తి రేస్‌లో కాస్త గరగరమంటుంది. కోతలో ఆ గరగర పోతుంది. ఖాళీలోనూ కోతలోనూ సన్నగా కీచుమంటోందా? గాలి ఎక్కువై, పెట్రోలు తక్కువైందన్నమాట. ఇంజినుకు ఆయిల్ ఆ పెట్రోలులో కలిసే వస్తుంది. అది తగ్గితే పిస్టను వేడెక్కి పట్టేస్తుంది. అప్పుడూ వెంటనే ఆపాల్సిందే. పెట్రోలు ఫిల్టరు, పైపు, కార్బురేటరు మెకానిక్‌కు చూపించేదాకా ఆ మిషన్‌ను మళ్లీ మొద్దు మీద పెట్టకూడదు.