శాకధాన్యములును రక్తపుపోటును

(శతవార్షికోత్సవ సభలలో, సంఘ ఆరోగ్య కూటమునందు చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో మాట్లాడుమని నన్ను పిలిచినప్పుడు మిషనెరీల త్యాగములనో, మన దేవాలయముల చరిత్రనో చెప్పుదునని మీరు ఎదురుచూచియుందురు. అవి చెప్పుటకు నాకంటె పెద్దలు ఈ వేదికమీదనే ఉన్నారు. నేను రక్తపుపోటును గూర్చియు, మనము తిను ఆకుకూరలు, కాయలను గూర్చియు మాట్లాడ కోరుచున్నాను. నేను వైద్యుడను కాను. వేదాంత కళాశాలలో నాకు హెబ్రీ, గ్రీకు భాషలు నేర్పిరి గాని బి.పి. చూచుట నేర్పలేదు. అయినను ఈ విషయములో నేనొకరికి బాకీపడి యున్నాను. ఆ సంగతి మొదట చెప్పెదను.

నేను లోగడ పనిచేసిన సంఘములో ఒక పెద్ద ఉండిరి. పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయులు. ఎనిమిదేండ్లుగా రక్తపుపోటుకు రోజుకొక మాత్ర వేసికొనుచుండిరి. బంధువు ఒకరు ఆయనకు పొడి డబ్బా ఒకటి అమ్మిరి. అందులో యాంటీ ఆక్సిడెంట్లు మెండుగా ఉన్నవనియు, అది వాడువారికి మాత్రలతో పనిలేదనియు చెప్పిరి. ఒక ఆదివారము ఆరాధన కాగానే ఆయన నాయొద్దకు వచ్చి, "అయ్యగారూ, ఇది అంతా ఆకుల సారమేనటండీ. దానియేలు తిన్నదీ ఆకుకూరలే గదండీ. మాత్ర మానేద్దామనుకుంటున్నాను" అనిరి. నాకు ఇంకొక గ్రామములో ఆరాధన ఉన్నది. సైకిలు మోటారు అప్పటికే స్టార్టు చేసి యున్నాను. "మంచిది మాస్టారూ, దేవుడు మేలు చేస్తాడు, ప్రార్థన చేద్దాం" అని వెళ్లిపోతిని. ఆయన దానిని అయ్యగారి అనుమతిగా తీసికొనిరి.

నాలుగు నెలలు గడిచినవి. ఒక తెల్లవారుజామున కబురు వచ్చినది. వెళ్లి చూచితిని. మూతి ఒక ప్రక్కకు లాగియున్నది, కుడిచెయ్యి పడిపోయినది. ఆసుపత్రిలో పై అంకె 200 దాటి యుండెను. మాత్ర మానమని ఎవరు చెప్పిరని డాక్టరుగారు అడిగిరి. ఆ అమ్మ ఏమియు అనలేదు, నా వైపు మాత్రము చూచెను.

ఆ తరువాతనే ఈ విషయము చదువ మొదలుపెట్టితిని. ముందే చదివియుండవలసినది.

యాంటీ ఆక్సిడెంట్లు అను మాట అబద్ధము కాదు. వంకాయ కోసి గాలికి ఉంచిన నల్లబడును. అందుచేతనే మన తల్లులు ముక్కలను ఉప్పునీళ్లలో వేయుదురు. కోసిన ఆపిలు ముక్కపై నిమ్మరసము పిండిన అంత త్వరగా నల్లబడదు. ప్రాణవాయువు చేయు పనిని ఆ పులుపు అడ్డుకొనుచున్నది. మన శరీరములోను ప్రాణవాయువు వాడుకలో ఫ్రీ రాడికల్స్ అను దుడుకు కణములు పుట్టును. రక్తనాళముల లోపలి పొర నైట్రిక్ ఆక్సైడ్ అను వాయువును తయారుచేయును; నాళము సడలియుండుటకు అది కావలెను. ఈ దుడుకు కణములు ఆ వాయువును పుట్టినచోటనే పాడుచేయును. అప్పుడు నాళము బిగిసిపోవును, గొట్టము నొక్కినప్పుడు నీళ్ల జోరు హెచ్చినట్లు పోటు హెచ్చును. సి విటమిను, ఇ విటమిను, కెరోటిను మొదలైనవి ఆ కణముల దుడుకును అణచును. ఉసిరి, జామ, తోటకూర, మునగాకు, టమాటా వీటన్నిటిలో ఇట్టివి ఉన్నవి.

ఇంతవరకు డబ్బా అమ్మినవారు చెప్పినది నిజమే. తేడా ఇక్కడనుండి వచ్చును.

అమెరికాలో డాష్ అను ప్రయోగము చేసి 1997లో ఫలితము ప్రకటించిరి. 459 మందికి వంట చేసి పెట్టి, ఎనిమిది వారములు చూచిరి. పండ్లు, కూరలు ఎక్కువగా తిన్నవారికి మామూలు భోజనము చేసినవారికంటె పై అంకె సుమారు 3 తగ్గెను. వాటితోపాటు వెన్న తీసిన పాలు పెరుగు చేర్చి, కొవ్వు తగ్గించి తిన్నవారికి ఐదున్నర తగ్గెను. అందులోను రక్తపుపోటు ముందే ఉన్నవారికి 11కు పైగా తగ్గెను. ఇది చిన్న విషయము కాదు. రెండు వారములలోనే ఈ తగ్గుదల కనబడెనట! దానియేలు అడిగిన గడువు పది దినములని నాకు వెంటనే జ్ఞాపకము వచ్చినది. అయితే ఆ కూరలలో యాంటీ ఆక్సిడెంట్లే గాక పొటాషియము, మెగ్నీషియము, పీచు అన్నియు ఉన్నవి. మేలు చేసినది ఇదియొక్కటే అని వేరుచేసి చెప్పుటకు వీలులేదు.

వేరుచేసి మాత్రలుగా ఇచ్చి చూచినప్పుడు ఏమైనది? సి విటమిను మీద జరిగిన 29 చిన్న ప్రయోగములను కలిపి 2012లో లెక్కకట్టిరి. పై అంకె నాలుగు లోపు తగ్గెను, అదియు కొద్ది వారముల మాట. బ్రిటనులో 20,536 మందిలో సగము మందికి ఇ, సి విటమినులు, కెరోటిను కలిపి ఐదేండ్లు ఇచ్చిరి. 2002లో చూడగా గుండెపోటు గాని, పక్షవాతము గాని, మరణములు గాని తగ్గలేదు. ఫిన్లండులో 29,133 మంది పొగత్రాగు పురుషులతో చేసిన ప్రయోగపు ఫలితమును 1994లో ప్రకటించిరి. కెరోటిను మాత్ర మ్రింగినవారిలో ఊపిరితిత్తుల క్యాన్సరు నూటికి 18 వంతులు ఎక్కువాయెను. ఆకులో ఉన్నప్పుడు మేలైనది డబ్బాలోనికి ఎక్కగానే అదే మేలు చేయునని నమ్ముటకు ఆధారము లేదు. మన కోత పండుగలో వేలము వేయు తోటకూర కట్టను బేరమాడి కొనుచున్నాము, డబ్బాకు మాత్రము మారుమాటాడక పింఛను పోయుచున్నాము!

ఇక దానియేలు సంగతి. మాస్టారు ఆ మాట అన్నప్పుడు నేను బండి దిగి చెప్పవలసినది ఇది. దానియేలును అతని స్నేహితులును ఏ లోపమును లేని యౌవనులు. రాజు భోజనముచేత అపవిత్రపరచుకొనకూడదని శాకధాన్యములు కోరిరి గాని రోగము పోవుటకు కాదు, మందు మానుటకు అంతకంటె కాదు. పైగా పది దినములైన తరువాత వారి ముఖములను పరీక్షించిరి. మాస్టారు ఆ నాలుగు నెలలలో ఒక్కసారియు బి.పి. చూపించుకొనలేదు. రోగియైన హిజ్కియా సంగతి మనము మరచితిమి. దేవుడు ఆయనకు పదునైదు ఏండ్ల ఆయుష్షు వాగ్దానము చేసెను. అయినను యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండుమీద కట్టించెను. వాగ్దానము వచ్చినదని ముద్ద మానలేదు.

అమ్మలారా, వంటయింటి మాట కొంచెము. ఉసిరికాయను పచ్చిగా తినుట వేరు, ఊరగాయ పెట్టి తినుట వేరు. రోజుకు అన్ని విధముల కలిపి ఉప్పు 5 గ్రాములు, అనగా ఒక టీ చెంచాకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడము, ఎండుచేప ఉన్న పళ్లెములో ఆ చెంచా ఎప్పుడో నిండిపోవును. ఆకుకూర ఉడికించిన నీళ్లు పారబోయకుడి. పులిహోరకు చేసినట్లు నిమ్మరసమును పొయ్యి మీదనుండి దించిన తరువాతనే పిండుడి. వేడికి సి విటమిను పోవును. మూత్రపిండముల జబ్బు ఉన్నవారు మాత్రము పండ్లు, కొబ్బరినీళ్లు, పొటాషియము కలిపిన ఉప్పు హెచ్చించుటకు ముందు డాక్టరును అడుగవలెను. లెంటు దినములలో ఉపవాసముండువారు మాత్రను మంచినీళ్లతో వేసికొనవచ్చునా, ఏ వేళకు వేసికొనవలెనని కూడ ముందుగానే అడుగుడి. మాత్ర ఉపవాసమును చెరుపదు. కూరలు తిని, ఉప్పు తగ్గించి అంకె దిగినప్పుడు మాత్ర తగ్గించుట డాక్టరు పని. అది నా పని కాదు, డబ్బా అమ్మువారి పని కాదు.

మాస్టారు సజీవులుగా ఉన్నారు. నేను క్షమాపణ అడిగితిని. "మీరు ఆగి ఉంటే బాగుండేదండీ" అని మాత్రము అనిరి. గడచిన కోత పండుగకు నన్ను ఆ సంఘమునకు పిలిచిరి. వేలములో ఆయన జామకాయల గంప పాడుకొనిరి. నేను మాత్ర సంగతి అడుగగా ఎడమచేతితో చొక్కా జేబులోనుండి అట్ట తీసి, ఆ ఉదయము ఖాళీయైన గడిని చూపిరి.