ముందు వాళ్ళనడగండి
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పట్నంలో పేదరికం గురించి మాట్లాడమని నన్ను ఆదేశించారు. అరకులో కూర్చుని పట్నం గొడవ ఎందుకని ఒకరిద్దరు మిత్రులు నవ్వారు. కొండ మీద గిట్టుబాటు కానివాడే కదండీ, కిరండూల్ రైలెక్కి విశాఖలో దిగి, తాపీమేస్త్రి దగ్గర కూలికి నిలబడేది!

ఆ విశాఖలోనే 1988 నుంచి 1996 దాకా బ్రిటిష్ ప్రభుత్వ సాయంతో మురికివాడల అభివృద్ధి పథకం నడిచింది. రోడ్లు, కాలువలు, కుళాయిలతో సరిపెట్టకుండా వాడల్లో కమిటీలు వేశారు, కమ్యూనిటీ హాళ్ళు కట్టారు. అంతకుముందే 1967లో హైదరాబాదు బస్తీల్లో ఇటువంటి ప్రయత్నం మొదలైంది. కాలువ ఎటు పోవాలో ఆ వీధి ఆడవాళ్ళకు తెలిసినంతగా ప్లాను గీసినవారికి తెలియదు. అది నా అభిప్రాయం, ఇంజనీరు మిత్రులు క్షమించాలి.

మన లోయ సంగతే చూడండి. సిల్వర్ ఓక్ నీడన కాఫీ, ఆ చెట్లకే మిరియాల తీగ. మొక్కలిచ్చింది ప్రభుత్వ సంస్థలే. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ దళారికి పోటీగా నిలిచింది. అయినా చాలామంది రైతులు పండు కోసి, వాకిట్లో ఎండబెట్టి, వచ్చిన ధరకు ఇచ్చేసేవారు. అసలు విలువ ఆ తర్వాతి పనిలో ఉంది. ఎర్రగా పండిన కాయే ఏరాలి, ఆలస్యం చేయకుండా తొక్క తీయాలి, పులియబెట్టి కడగాలి, నెమ్మదిగా ఆరబెట్టాలి. ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. 2007లో చిన్న, సన్నకారు గిరిజన రైతులు నాంది ఫౌండేషన్ తోడ్పాటుతో పరస్పర సహాయ సహకార సంఘంగా ఏర్పడ్డారు. ప్రభుత్వ వాటా ధనం లేకుండా సభ్యులే నడుపుకునే ఇటువంటి సంఘాలకు మన రాష్ట్రంలో 1995 చట్టం దారి చూపింది. 2017లో పారిస్ నగరంలో అరకు పేరుతోనే కాఫీ దుకాణం తెరిచారు. 2019లో భౌగోళిక గుర్తింపూ వచ్చింది.

అంతా బాగుపడిందనడం లేదు. రోగిని డోలీలో మోసుకొచ్చే ఊళ్ళు ఇంకా ఉన్నాయి. లేకపోతే ఆ రైలు ఖాళీగా పోయేది.

ఇక మన వంతు. ఫైలు ఏ బల్ల మీద ఆగుతుందో మనకంటే ఎవరికి తెలుసు? వలస వచ్చినవారి వాడకు ఆదివారం రెండు గంటలు వెళ్దాం. ఉపన్యాసాలు వద్దు. ఏం కావాలో వారినే అడుగుదాం. పాసుపుస్తకం చదివి వినిపించమంటే అదే చేద్దాం, దరఖాస్తు రాయమంటే అదే రాద్దాం. రాదలచినవారు ఇప్పుడే కార్యదర్శిగారి వద్ద పేర్లు ఇవ్వండి. వచ్చేటప్పుడు కళ్ళజోడు మరచిపోకండి.